కుడా, ఎడమా?

మా దుకాణానికీ మా తోడికోడలి దుకాణానికీ మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడలో ఒక కంత ఉండేది. ఆ కంతలో ఒక ఫోన్ ఉండేది. ఇద్దరికీ అదొక్కటే ఫోన్, అదొక్కటే నంబర్.

చార్మినార్ దిక్కు నుంచి నయాపూల్ పోయే దారిలో చీలిన గల్లీ మాది. పెండ్లి సామాను టోకున అమ్ముతాం. పసుపు, కుంకుమ, బాసింగాలు, కంకణాల దారం, పోకలు, ఖర్జూరాలు, ఒడిబియ్యంలోకి కావలసినవన్నీ. తాండూరు, జహీరాబాద్, నారాయణఖేడ్, గద్వాల దుకాణదారులు ఫోన్ చేసి చెప్తే మూట కట్టి బస్సు పార్సిల్‌లో వేస్తాం. గల్లీలోకి నడిచి వచ్చి కొనేవాళ్ల మీద బతకాలంటే దీపంలో నూనెకు కూడా సరిపోదు. మా బేరమంతా ఆ ఫోన్ మీదే.

ఒకప్పుడు ఒకటే దుకాణం. మా మామగారు పోయాక గద్దె మీద ఎవరు కూర్చోవాలన్న దగ్గర మా బావగారికీ మా ఆయనకూ చెడింది. కులపెద్దలు వచ్చి నడుమ గోడ కట్టించారు. తరాజులు పంచారు, డబ్బాలు పంచారు, ఖాళీ గోనెలు కూడా పంచారు. ఫోన్ దగ్గరికి వచ్చి ఆగిపోయారు. ఆ కాలంలో కొత్త ఫోన్ కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్లకేళ్లు చూడాలి. పైగా జిల్లాల వాళ్లందరి నోట్లో నానిన నంబర్ అది. అందుకని గోడలో కంత పెట్టించి ఫోన్ అందులో ఉంచారు. మోగినప్పుడు ఎవరి చెయ్యి ముందు తాకితే వాళ్లు ఎత్తాలి. కుడా, ఎడమా అని అడగాలి. అవతలివాళ్లదైతే రిసీవర్ కంతలోంచి ఇవ్వాలి. అంతకు మించి ఒక్క ముచ్చట వద్దు. ఇదీ వాళ్లు పెట్టిన కట్టడి. అన్నదమ్ములిద్దరి చేతా పసుపు గోనె మీద చెయ్యి పెట్టించి ఒప్పించారు.

పెద్ద దుకాణం, చిన్న దుకాణం అని పిలవడానికి మా ఆయన ఒప్పుకోలేదు. అందుకే కుడి, ఎడమ. అదైనా ఎవరికి కుడి? గల్లీలో నిలబడి చూసేవాడికా, గద్దె మీద కూర్చున్నవాడికా? దాని మీద మళ్లీ పొద్దుగూకే దాకా లొల్లి. చివరికి గల్లీలో నిలబడ్డవాడి లెక్కే ఖాయం చేశారు. అట్లా మా బావగారిది కుడి, మాది ఎడమ అయింది.

అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోకుండానే పోయారు. కానీ ఫోన్ ఇచ్చుకున్నారు. మా ఆయన ఎట్లా ఇచ్చేవాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ముఖం వీధి వైపు, చెయ్యి మాత్రం వెనక్కి, కంతలోకి. దొంగకు అన్నం పెట్టినట్టు. అయినా ఇచ్చేవాడు. ఒక్క ఫోన్ కూడా మింగలేదు. ఆయన అన్న కూడా మింగలేదు.

ఇక నా తోడికోడలు నాగమణమ్మ. మేడ మీద మా ఇళ్లు కూడా గోడకు అటూ ఇటూ. తన వాకిలి ఊడ్చి చెత్తను సరిగ్గా నా గడప ముందుకు తెచ్చి ఆపుతుంది. నేను బట్టలు ఆరేసే వేళ చూసుకుని మిరపకాయలు దంచిస్తుంది. నా కొడుకు ముకుంద్ పెండ్లికి రాలేదు, సరే. ఆ రోజే ఇంటికి సున్నం వేయించి, మా గుమ్మం దాకా చుక్కలు పడేటట్టు చూసింది. పట్టుచీర మీద సున్నం చుక్క పడితే పోదు. ఆ చీర ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. చుక్క కూడా ఉంది.

మేమిద్దరం మాట్లాడుకోం. మాట్లాడుకోవాల్సిన పని కూడా పడలేదు. కంత ఉంది కదా. పొద్దున నేను మా గద్దె పక్కన కూర్చుంటాను, ఆమె వాళ్ల గద్దె పక్కన కూర్చుంటుంది. నా గురించి ఆమె ఏమంటుందో నాకు వినిపిస్తుంది. ఆమె గురించి నేనేమంటానో ఆమెకు వినిపిస్తుంది. ఎదురుగా నిలబడి తిట్టుకునే ఓపిక లేనివాళ్లకు అంతకన్నా సౌకర్యం ఏముంటుంది?

ఇప్పుడు మా గద్దె మీద కూర్చునేది నా మనుమడు ప్రణీత్. వాడి నాన్న ముకుంద్ సరుకు కొనడానికి ఊళ్లు తిరుగుతుంటాడు. అవతల గద్దె మీద నాగమణమ్మ మనుమడు విశాల్. ఇద్దరూ ఒకే ఈడు, ఒకే బడి. ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారని ప్రణీత్ ఒకసారి ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాడు.

ఈసారి ముహూర్తాలు మొదలయ్యే ముందు ప్రణీత్‌కు ఒళ్లు మండింది. మండదా మరి? విశాల్ మాట అయిపోయాక కూడా రిసీవర్ పక్కన పడేసి టీ తాగేవాడు. మాకు రావలసిన ఫోన్లు రాక, గుల్బర్గా ఆసామి ఒకాయన విసిగిపోయి వేరే దుకాణం పట్టుకున్నాడు. ప్రణీత్ ఆ కోపం లోపల పెట్టుకుని, ఒక రోజు ఇంటర్నెట్ ఫోన్ సంగతి ఎత్తాడు.

"నానమ్మా, గిది జైల్ల ములాఖత్ లెక్క ఉన్నది. కంతల చెయ్యి పెట్టుడు, రిసీవర్ గుంజుకునుడు. బయట లోకమంతా వీడియోల సామాన్ జూసి ఆర్డర్ పెడ్తున్నది. మనం ఇంకా గోడకు చెవి పెట్టి కూసున్నం."

వాడు నాకు అర్థమయ్యేటట్టే చెప్పాడు. ఫోన్ వైర్లు ఎట్లాగూ పీకేస్తున్నారట. నంబర్‌ను మాత్రం ఇంటర్నెట్ మీదికి ఎక్కించుకోవచ్చట. ఎక్కిస్తే ఆ నంబర్ మోగినప్పుడు వాడి సెల్లులో, వాళ్ల నాన్న సెల్లులో, ఉప్పుగూడ గోదాములో అన్నిచోట్లా మోగుతుంది. ఒకేసారి పదిమంది చేసినా బిజీ రాదు. నాందేడ్‌లో కూర్చున్నవాడికి బాసింగం తిప్పి చూపించవచ్చు. మాట్లాడిన ప్రతి మాటా దాంట్లో దాచి ఉంటుంది, రేపు వాడు నేనట్లా అనలేదంటే తీసి వినిపించవచ్చు. ఒక్కటే చిక్కు. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ ఫోన్ నా పేరు మీద ఉంది. కాబట్టి ఆ కంపెనీవాళ్లు వీడియోలో నన్నే అడుగుతారు. నేను ఔనంటే అయిపోతుంది.

"మరి అవతలోల్లు?" అన్నాను.

"వాల్ల ఫికర్ మనకెందుకు నానమ్మా? సెల్‌ఫోన్లు లేవా వాల్లకు?"

ఉన్నాయి. లేకేం. కానీ తాండూరు వాళ్లకూ గద్వాల వాళ్లకూ తెలిసింది ఆ ఒక్క నంబరే. విశాల్ కొత్త నంబర్ ఊరూరికీ చెప్పుకునేలోపు ముహూర్తాలన్నీ దాటిపోతాయి. మా వ్యాపారంలో ఒక్క సీజన్ చేజారితే కొనేవాడు ఇంకో గడప తొక్కుతాడు, మళ్లీ తిరిగి రాడు. నంబర్ పోతే కుడి దుకాణం ఉండదు. ఆ సంగతి ప్రణీత్‌కు తెలుసు. నాకూ తెలుసు. అంతా తెలిసే, సరే కానియ్యి బిడ్డా అన్నాను. నాకు లోపల సంతోషమే అయింది. పట్టుచీర మీది సున్నం చుక్క గుర్తొచ్చింది.

వీడియోలో నన్ను అడిగే దాకా ఆ కంపెనీవాళ్లు కొన్నాళ్లు ఊరికే వాడి చూడమన్నారట. మా నంబర్‌కు వచ్చే ఫోన్లన్నీ ప్రణీత్ అటు మళ్లించాడు. కంతలో ఫోన్ మూగబోయింది. వాడు మా వైపున కంత మీద లక్ష్మీదేవి కేలండర్ వేలాడదీశాడు.

ఇప్పుడు మా నంబర్‌కు ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల గొంతు, చక్కెరలో ముంచినట్టు, స్వాగతం చెప్పి ఆర్డర్లకైతే ఒకటి నొక్కండి, పార్సిల్ సంగతికైతే రెండు నొక్కండి అంటుంది. నొక్కితే కాసేపు సంగీతం వస్తుంది. ఎదురుగా అత్తరు దుకాణం ఖలీల్ భాయ్ ఏదో పనుండి చేసి, గల్లీ దాటి వచ్చి మరీ నాతో అన్నాడు. "అమ్మా, ఆప్ కా ఫోన్ తో బడా సేఠ్ హో గయా. గానా సునాతా హై, బాత్ నై కర్తా." పెద్ద షావుకారైపోయిందట మా ఫోన్, పాట వినిపిస్తుంది కానీ మాట్లాడదట.

అవతల విశాల్ రిసీవర్ ఎత్తడం, దభీమని పెట్టడం వినిపించేది. లైను చెడిపోయిందనుకుని టెలిఫోన్ ఆఫీసుకు తిరిగాడు. "మోగుతలేదా బిడ్డా?" అని నాగమణమ్మ పొద్దున ఒకసారి, మాపున ఒకసారి అడిగేది. లేదు నానమ్మా అనేవాడు. ఆ రోజుల్లో నాకు అన్నం బాగా సయించింది.

అట్లా ఉండగా ఒక పొద్దున ప్రణీత్ మంచి హుషారులో ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే వీడియోలో నన్ను అడిగేది. దీని గొప్పతనం నువ్వు కూడా ఒకసారి వినాలి నానమ్మా, మాట ఎంత సాఫ్‌గా దాచిపెడుతుందో చూడు అన్నాడు. ఎదుటి మనిషి మాట నాకు బాగానే వినిపిస్తుంది కానీ, సెల్లు చెవి దగ్గర పెడితే గీ అన్న చప్పుడు తప్ప ఏమీ తెలియదు. అందుకని వాడు వినాయక చవితికి పాటలు పెట్టే స్పీకర్ డబ్బా తెచ్చి గద్దె మీద పెట్టి, సెల్లుకు కలిపి, చప్పుడు పెంచాడు. అంతకు ముందురోజు వచ్చిన పెద్ద ఆర్డర్ పెట్టాడు. కేలండర్ వెనక కంత ఉందన్న సంగతి వాడికి గుర్తు లేదు. నాకూ గుర్తు రాలేదు.

తాండూరు వేణుగోపాల్ గొంతు అది. మా బావగారి కాలం నుంచీ కుడి దుకాణం ఆసామి. అలవాటు ప్రకారం, ఎవరు ఎత్తారో కూడా అడగకుండా మొదలుపెట్టాడు.

"కుడి దుకాణం ఇయ్యి బాపు."

"కుడి దుకాణం బంద్ అయింది అన్నా." ఇది ప్రణీత్ గొంతు. "గా సామాన్ అంతా మా తాననే ఉన్నది. ఏం పంపాలె చెప్పున్రి."

"బంద్ అయిందా? ముహూర్తాల ముంగట బంద్ ఏందయ్యా? నాగమణమ్మ..."

వేణుగోపాల్ అక్కడ ఆగాడు. ప్రణీత్ ఏమీ అనలేదు. స్పీకర్ డబ్బాలో ఉత్త గాలి చప్పుడు.

"అయ్యో. ఎప్పుడు పాయె? నాకెవ్వలు చెప్పకపాయిరి. పెద్ద పానం. నోరు జర కారమే గని తూకం మాత్రం ఎన్నడు తక్కువ పెట్టలే."

"ఏం చెప్పాలె అన్నా. గట్లయింది. సామాన్ చెప్పున్రి, రాసుకుంట."

తరువాత ఖర్జూరాలు, పోకలు, బాసింగాలు వరసగా వచ్చాయి. ఎంత సాఫ్‌గా ఉందో చూశావా అని ప్రణీత్ నా ముఖంలోకి చూశాడు. నేను వాడి వెనక గోడకేసి చూస్తున్నాను. లక్ష్మీదేవి కదులుతోంది. కేలండర్ కింది అంచు పైకి లేచి, వెనక నుంచి చేతికర్ర కొస బయటికి వచ్చింది. కర్ర ఒక్క తోపు తోసేసరికి కేలండర్ ఊడి పసుపు డబ్బాల మీద పడింది.

"వాసవీ" అంది నాగమణమ్మ. నా పేరు వాసవాంబ. పెండ్లయి వచ్చిన కొత్తలో ఆమె నన్నట్లా పిలిచేది. గోడ లేచాక ఇదే మొదటిసారి. "నేను సచ్చినట. ఇన్నవా?"

"ఇన్న."

"నీ మనుమడు నన్ను సంపి ఖర్జూరాలు అమ్ముకున్నడు."

"సచ్చినవని ఆడు అనలే. గాయన అనుకున్నడు."

"ఔ. అనుకోనిచ్చిండు." ఆమె దగ్గింది. "నా పెనిమిటి పోయిననాడు పీనుగ ఇంట్లనే ఉన్నది. ఫోన్ మోగింది. నీ మొగడు ఎత్తి కుడా, ఎడమా అని అడిగిండు. కుడి అంటే గీ కంతల నుంచే నా కొడుకు చేతికిచ్చిండు. దుకాణం బంద్ అనలే. అనొచ్చు గద? నిజంగనే మనిషి పోయిండు గద? అనలే. మీ ఇంట్ల గాయనతోనే అయిపోయిందా గా సంగతి?"

నేను వంగి, పడిన కేలండర్ ఎత్తి, దాని మీది దుమ్ము దులిపాను.

విశాల్ కంత దగ్గరికి వచ్చి, నయాపూల్ కాడనే కోర్టు ఉన్నది, నడుచుకుంట పోయి కేసు వేస్త అన్నాడు. ప్రణీత్, నడుచుకుంటనే పో, ఆటో పైసలు మిగుల్తయి అన్నాడు. నీ ఫోన్ల నీ గొంతే సాక్షమని విశాల్ అంటే, గా గొంతు తుడిచెయ్య ఒక్క నిమిషం పట్టదని ప్రణీత్ అన్నాడు. అట్లా కాసేపు అన్నాక, వీడు లేచి కేలండర్ మళ్లీ తగిలించాడు.

నేను వాడితో ముందు తాండూరుకు ఫోన్ చేసి ఆమె బతికే ఉందని చెప్పమన్నాను. మధ్యాహ్నం పని అయిపోయాక చేస్తానన్నాడు. ఇప్పుడే చెయ్యమన్నాను. ఆర్డర్ వెనక్కి పోతుంది నానమ్మా అన్నాడు.

నాకు నాగమణమ్మ మీద జాలి కలిగిందనుకుంటారేమో. కలగలేదు. ఆమె పోతే నేను తలకు పోసుకుని రెండు ముద్దలు తిని పడుకోగలను. అది వేరు. కానీ అన్నం ముందు కూర్చుంటే మా ఆయన చెయ్యే కనిపించింది. ముఖం అటు, చెయ్యి ఇటు. అన్న మీద ఆయనకున్నంత కోపం నాకు ఎవరి మీదా లేదు. అంత కోపం పెట్టుకుని కూడా ఆ చెయ్యి వెనక్కి పోయేది. నా మనుమడి చెయ్యి ఎందుకు పోలేదు? ఫోన్‌లో ఆ చక్కెర గొంతు పిల్లకు కుడా, ఎడమా అని అడగడం ఎవరూ నేర్పలేదు. నేర్పవద్దన్నది వీడు. వీడికి సరేనన్నది నేను.

మధ్యాహ్నం నన్ను గద్దె మీద కూర్చోబెట్టాడు. వెలుతురు అక్కడే బాగుందని నా వీపు గోడ వైపు పెట్టించాడు. పసుపు డబ్బాకు ఆనించి సెల్లు నిలబెట్టాడు. అందులో ఒక అమ్మాయి కనిపించింది. పేరు స్రవ్య అని చెప్పింది. సన్నటి మనిషి, మర్యాద గల మాట. నా పేరు అడిగింది, చెప్పాను. ఆధార్ కార్డు ముఖం పక్కన పట్టుకోమంది, పట్టుకున్నాను. మొదట తలకిందులుగా పట్టుకున్నాను, ప్రణీత్ తిప్పాడు.

"అమ్మా, చిన్న ఇబ్బంది. ఈ వీడియోలో మీరొక్కరే కనిపించాలి. మీ వెనక గోడలోంచి ఎవరో చూస్తున్నారు" అంది ఆ పిల్ల.

నేను వెనక్కి తిరగలేదు. సెల్లులోనే చూశాను. నా బొమ్మ ఉంది. నా భుజం మీదుగా, కేలండర్ ఉండవలసిన చోట, నాగమణమ్మ ముఖం ఉంది. చేతికర్ర వంపుతో కేలండర్‌ను ఎప్పుడు తన వైపు లాక్కుందో ఏమో.

ఇన్నేళ్లు ఆమె దగ్గు విన్నాను, కర్ర చప్పుడు విన్నాను, మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకున్నాను. ముఖం ఇంత దగ్గరగా చూడలేదు. పళ్లన్నీ పోయాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ముక్కుపుడక మాత్రం అదే. మా అత్తగారు ఇద్దరికీ ఒకే కంసాలి దగ్గర చేయించిన పుడక. నాది కూడా సెల్లులో మెరుస్తోంది. అంత చిన్న పెట్టెలో మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. ఆమె కూడా దాంట్లో నన్నే చూస్తోంది. ఇది ఇంత ముసలిదైందా అనుకుంటున్నదని ఆమె కళ్లలో తెలుస్తూనే ఉంది.

"ఆవిడ ఎవరమ్మా? కొంచెం పక్కకు జరగమంటారా?" అంది స్రవ్య.

"పక్కింటామె మేడం. జర అడ్డం వస్తుంటది" అన్నాడు ప్రణీత్.

"పక్కింటామె గాదు. సచ్చినామె" అంది నాగమణమ్మ.

స్రవ్యకు ఏం చేయాలో తెలియలేదు. చేతిలో ఉన్న కాగితం చూసి అడగవలసింది అడిగేసింది. ఈ నంబర్ పూర్తిగా మీదేనా, మీరే వాడుతున్నారా, మీ ఇష్టంతోనే దీన్ని మారుస్తున్నామా, ఔను లేదా కాదు అని చెప్పండి అంది.

"ఔ అను నానమ్మా" అని ప్రణీత్ గొణిగాడు. నేను కాదంటే వైర్లతో పాటే ఆ నంబర్ పోతుందని వాడు ముందే చెప్పి ఉన్నాడు. మా దుకాణానికి కూడా పోతుంది. ఔనంటే నా వెనక ఉన్న ఆ ముఖం ఇంకో సీజన్‌కు దుకాణంలో ఉండదు. సెల్లులో నాగమణమ్మ రెప్ప వెయ్యలేదు. బతిమాలలేదు కూడా. బతిమాలి ఉంటే ఔననేసేదాన్నేమో.

"కాదు" అన్నాను.

ప్రణీత్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించాను.

"సగం ఆమెది. ఆమె మొకం జూస్తే నాకు తిన్నది అరగదు బిడ్డా, గది వేరే ముచ్చట. నంబర్ల సగం ఆమెదే. మీ మెషిన్ ముందుగాల కుడా, ఎడమా అని అడుగుతదా? అడిగి, ఎవల ఫోన్ వాల్లకు ఇస్తదా? ఇస్తనంటే ఔ అంట. లేకుంటే వైర్ తోని పాటే పోనియ్యి."

"మంచిగ చెప్పినవ్. నీ మొకం జూసి నాకేం ఆకలైతలేదు" అంది వెనక నుంచి నాగమణమ్మ.

స్రవ్య ఎవరినో అడిగి వచ్చి, అది పెద్ద పనేం కాదంది. ఒకే నంబర్‌కు రెండు దుకాణాలు పెట్టవచ్చట. మెషిన్ ముందు అదే అడుగుతుందట. ఎవరి ఫోన్లు వాళ్లకే మోగుతాయి, ఎవరి మాటలు వాళ్లకే దాచి ఉంటాయి, ఒకరివి ఒకరికి వినిపించవు. కాకపోతే ఆవిడ కూడా ఒప్పుకోవాలి అంది. అయితే అట్లనే రాసుకో, ఔ అన్నాను. ప్రణీత్ అప్పటికే లేచి గల్లీలోకి పోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

పని అక్కడితో అయిపోలేదు. ఒకటి ఎవరిది, రెండు ఎవరిది అన్న దాని మీద మళ్లీ పడింది. జిల్లాల వాళ్లు ఏది ముందు వినిపిస్తే అది నొక్కుతారు, కాబట్టి ఒకటి మాకే కావాలని విశాల్ కంతలోంచి అరిచాడు. నంబర్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే ఒకటి అని ప్రణీత్ గల్లీలోంచి అరిచాడు. పెద్దకోడల్ని నేను, ఒకటి నాది అంది నాగమణమ్మ. వాళ్ల గొంతులు తగ్గే దాకా ఆగి, ఒకటి నువ్వే పెట్టుకో అక్కా అన్నాను. దీంట్లో ఏదో ఉంది నానమ్మా అని విశాల్ మెల్లగా అనడం నాకు వినిపించింది.

ఇక గొంతు సంగతి. ఆ చక్కెర పిల్ల గొంతు వద్దు, నేనే చెప్తా, నేను బతికున్నట్టు అందరికీ ఎరుకవ్వాలె అని నాగమణమ్మ పట్టుబట్టింది. ఆమె చెప్తే నేనూ చెప్తానన్నాను. ఫోన్ నా పేరు మీద ఉంది కాబట్టి ముందు నేనే చెప్తానన్నాను. స్రవ్యకు ఆ పాటికి ఏదైనా సరే అన్నట్టయింది. అట్లా ఒకరి వీపు ఒకరికి పెట్టుకుని, కంతకు అటొకరం ఇటొకరం కూర్చుని చెప్పాం.

ఇప్పుడు మా నంబర్‌కు ఫోన్ చేస్తే ముందు నా గొంతు వస్తుంది. "ఎడమ దుకాణమైతే రెండు నొక్కున్రి." తరువాత ఆమె గొంతు. "కుడి దుకాణమైతే ఒకటి నొక్కున్రి. నేను నాగమణమ్మను. మంచిగనే ఉన్న." ఆ చివరి ముక్క ఎవరూ చెప్పమనలేదు. తీసేయమంటే ఒప్పుకోలేదు.

ముందు వినిపించేది రెండు కాబట్టి, కొత్తగా చేసేవాళ్లు చాలామంది రెండే నొక్కుతున్నారు. ఆమెకు ఒకటి ఇచ్చింది అందుకేనని తెలుసుకోవడానికి అవతలివాళ్లకు వారం పట్టింది. తెలిసిన రోజున నాగమణమ్మ అన్న మాటలు ఇక్కడ చెప్పలేను. తాండూరు వేణుగోపాల్‌కు మాత్రం ఆమే విశాల్ సెల్లులోంచి చేసి మాట్లాడిందట. ఖర్జూరాల ఆర్డర్ కుడి దుకాణానికి తిరిగి పోయింది.

కంత ఇప్పుడు లేదు. అవతల విశాల్ సిమెంటు పెట్టించాడు. ఇవతల ప్రణీత్ కూడా పెట్టించాడు. ముందు ఎవరు పెట్టించారన్న దాని మీద ఎవరి మాట వాళ్లది. పాత ఫోన్ వైరు ఊడిపోయి మా వైపు మిగిలింది, తూకపు రాళ్ల పక్కన పెట్టాను.

ప్రణీత్ నాతో సరిగ్గా మాట్లాడడు. గద్దె మీద కూర్చోవడం కూడా మానేశాడు. ఉప్పుగూడ గోదాములో కూర్చుని వీడియోల్లో బాసింగాలు తిప్పి చూపిస్తున్నాడు. బేరం బాగానే ఉందని ముకుంద్ అంటున్నాడు. ఇంట్లో ఎదురుపడితే, మీరు తిన్నారా అంటాడు. పుట్టినప్పటి నుంచి నన్ను నువ్వు అన్నవాడు. వాడి అమ్మను ఒక్క దెబ్బ వేసి అడగమన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది.

అన్నిటికన్నా పెద్ద పరేషాన్ ఇంకొకటి. కంత పోయాక అవతల నాగమణమ్మ నా గురించి ఏమంటుందో నాకు వినిపించడం లేదు. ఏదో అంటూనే ఉంటుంది. అనకుండా ఉండే మనిషి కాదు. గోడకు చెవి పెట్టి చూశాను, సిమెంటు మందంగా పెట్టారు.

పొద్దున దీపం పెట్టగానే ముకుంద్ సెల్లు తీసుకుని, స్పీకర్ పెట్టించుకుని, మా నంబర్‌కే ఫోన్ చేస్తాను. రాత్రికి రాత్రి ఆమె ఆ స్రవ్యను పట్టుకుని వరస మార్పించిందేమో చూసుకోవద్దా? ముందు నా గొంతే వస్తుంది. తరువాత ఆమెది. ఆ చివరి ముక్క దాకా విని, ఏమీ నొక్కకుండా పెట్టేస్తాను.